944, 21 – రెండూ మన జట్టువే

కళాశాల వార్షిక సంచికకు వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, తెలుగు శాఖ నుండి ఒక కావ్యాన్ని గూర్చియో ఒక కవిని గూర్చియో వ్యాసం వస్తుందని ఎదురుచూడడం ఆనవాయితీ. ఈ పర్యాయం నేను క్రికెట్టును గూర్చి వ్రాస్తున్నాను. అందులోనూ రంజీ ట్రోఫీలో ఆడే మన హైదరాబాదు జట్టును గూర్చి. భాష చెప్పే పంతులుకు బంతితో పనేమిటని పెద్దలు నవ్వుకోవచ్చు. అయితే ఒక జట్టును పాతికేళ్ళపాటు వదలకుండా కనిపెట్టుకొని ఉన్నవాడికి దానిని గూర్చి కొన్ని నిశ్చితాభిప్రాయాలు ఏర్పడతాయి. అవి పెద్ద మైదానాలలో ఆడేవారికి ఉపయోగపడకపోవచ్చు. కాని ఏ పనికైనా పదకొండు మందిని ఎన్నుకోవలసిన వారికి, ఆ పదకొండు మందిలో ఒకరుగా నిలవాలని ఆశపడే వారికి కొంత పనికివస్తాయని నా నమ్మకం.

ముందుగా రెండు సంఖ్యలు చెబుతాను. మొదటిది 944. 1994 జనవరిలో సికింద్రాబాదు జింఖానా మైదానంలో, ఆంధ్ర జట్టుతో జరిగిన పోటీలో, హైదరాబాదు ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. రంజీ ట్రోఫీ 1934లో మొదలైనది లగాయతు అంతవరకు ఏ జట్టూ అన్ని పరుగులు చేసి ఎరుగదు. రెండవ సంఖ్య 21. 2010 నవంబరులో జైపూరులో రాజస్థాన్‌తో జరిగిన పోటీలో అదే హైదరాబాదు జట్టు మొత్తం ఔటయ్యేసరికి చేసిన పరుగులు 21. అంతవరకు ఏ జట్టూ అంత తక్కువకు కూలి ఎరుగదు. కొండ కొమ్మూ మనదే, అగాధమూ మనదే. రెండింటికీ నడుమ కాలం పదిహేడేళ్ళయినా నిండలేదు. ఇది ఎలా సంభవించిందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది.

నేటి విద్యార్థులలో చాలామందికి జట్టు అనగానే నారింజరంగు చొక్కాలు, వేలంపాటలు, ఉప్పల్ స్టేడియంలో రాత్రివేళ దీపకాంతులు గుర్తుకు వస్తాయి. 2009లో డెక్కన్ ఛార్జర్స్, 2016లో సన్‌రైజర్స్ ఐ.పి.ఎల్. గెలిచినప్పుడు నేనూ సంతోషించాను. కాని ఆ జట్టును డబ్బు పెట్టి కొంటారు. ఈ సంవత్సరం మనవాడైన ఆటగాడు వచ్చే సంవత్సరం మరొకరివాడు. రంజీ జట్టు సంగతి వేరు. నియమం ప్రకారం ఇద్దరు ముగ్గురిని బయటనుండి తెచ్చుకున్నా, మిగిలినవారు ఈ గడ్డమీద మొలకెత్తిన వారే కావాలి. మలక్‌పేటలోనో, మాసబ్‌ట్యాంకులోనో, సికింద్రాబాదు గల్లీలలోనో ఎవరో ఒక పిల్లవాడికి ఎవరో ఒక పెద్దమనిషి బంతి పట్టుకోవడం నేర్పితేనే ఆ జట్టు నిలుస్తుంది. అందుకే రంజీ జట్టు పట్టిక చూస్తే ఒక ఊరు తన పిల్లలను ఎలా పెంచుతున్నదో తెలుస్తుంది. ప్రేక్షకులు లేని మైదానంలో నాలుగు రోజులు ఆడే ఆ ఆటమీద నాకు మమకారం కలగడానికి కారణం ఇదే.

ఆ మమకారం మా నాన్నగారి నుండి సంక్రమించింది. ఆయన బాల్యంలో ఫతే మైదానంలో జయసింహ ఆటను చూసినవారు. కాలరు పైకెత్తి, మెడకు రుమాలు చుట్టుకొని జయసింహ నడిచివచ్చే తీరును ఆయన వర్ణిస్తుంటే మాకు నవాబుల ఊరేగింపు చూసినట్లుండేది. ఆ కాలపు జట్టు పట్టికను ఆయన ఎక్కాలు అప్పజెప్పినట్లు అప్పజెప్పేవారు: ఎం.ఎల్. జయసింహ, మన్సూర్ అలీఖాన్ పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, సయ్యద్ ఆబిద్ అలీ, కెనియా జయంతిలాల్, పి. కృష్ణమూర్తి, గోవిందరాజ్, ముంతాజ్ హుస్సేన్. భారత జట్టుకు నాయకుడైన పటౌడీ హైదరాబాదుకు ఆడేటప్పుడు జయసింహ నాయకత్వం క్రింద ఆడేవాడు. 1971లో వెస్టిండీస్ పర్యటనకు వెళ్ళిన భారత జట్టులో ఒక్క హైదరాబాదు నుండే ఐదుగురు ఉన్నారు: జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవిందరాజ్, జయంతిలాల్. ఆ పేర్లలో ఉర్దూ ఉన్నది, తెలుగు ఉన్నది, గుజరాతీ ఉన్నది. మైదానంలో అందరి మాటా దక్కనీయే. ఇంత గొప్ప పట్టిక చదివిన తరువాత విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ జట్టు రంజీ ట్రోఫీని ఎన్నిసార్లు గెలిచింది?

ఒక్కసారి కూడా గెలవలేదు. హైదరాబాదు ట్రోఫీని గెలిచినవి రెండే సందర్భాలు. ఒకటి 1937-38లో, నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో. ఆ ఫైనల్లో ఎడ్డీ ఐబారా 137 పరుగులతో చివరిదాకా నాటవుట్‌గా నిలిచాడు. రెండవది 1986-87లో. జయసింహ, పటౌడీల తరం ఈ రెండింటి నడుమ వచ్చి, అందరి మన్ననలూ పొంది, ట్రోఫీ లేకుండానే వెళ్ళిపోయింది.

దీనికి కారణమేమిటని నాన్నగారికీ, ఆయన సహోద్యోగి ఒకాయనకూ ప్రతి ఆదివారం వాదం జరిగేది. ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ను రెండు కప్పులలో పోయించుకొని గంటసేపు వాదించుకునేవారు. ఆ పెద్దమనిషి, "బొంబాయి ఉండగా ఇతరులు ఎలా గెలుస్తారు?" అనేవారు. ఆ మాటలో నిజమున్నది. 1958-59 మొదలు 1972-73 వరకు వరుసగా పదిహేను సంవత్సరాలు బొంబాయి జట్టే ట్రోఫీ గెలిచింది. నాన్నగారు మాత్రం ఆ సమాధానంతో తృప్తిపడేవారు కారు. "బొంబాయివాడు సెంచరీ కొట్టిన తరువాత మళ్ళీ గార్డు తీసుకుంటాడు, మనవాడు సెంచరీ కొట్టిన తరువాత దోస్తుల వైపు చూసి నవ్వుతాడు" అనేవారు. ఆయన మాటలో కొంత అతిశయోక్తి లేకపోలేదు. కాని అభిమాని మాటలో అతిశయోక్తిని తీసివేసినా మిగిలే గింజ ఒకటి ఉంటుంది. అందంగా ఆడడం వేరు, అవసరానికి ఆడడం వేరు అన్నదే ఆ గింజ.

1986-87 విజయాన్ని గమనించండి. ఆ సంవత్సరం ఫైనల్లో హైదరాబాదు ఢిల్లీని ఢిల్లీలోనే, ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో, తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ఓడించింది. నాయకుడు ఎం.వి. నరసింహారావు ఆడిన టెస్టులు నాలుగే. ప్రారంభ బ్యాట్స్‌మన్ అబ్దుల్ అజీమ్ ఆ సీజన్లో తమిళనాడుపై 303 పరుగులు చేసి నాటవుట్‌గా నిలిచాడు. ఆయన జీవితంలో ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఆఫ్ స్పిన్నర్ అర్షద్ అయూబ్ టెస్టులలో ప్రవేశించినది ఆ విజయం తరువాతనే. ప్రతి ఒక్కరికీ నిర్ణీతమైన పని ఉన్నది, ఆ పనిని ఆ సంవత్సరం ప్రతి ఒక్కరూ చేశారు. జయసింహ జట్టు పేరెత్తితే జనం జయసింహ అంటారు, పటౌడీ అంటారు. 1987 జట్టు పేరెత్తితే ఏ ఒక్క పేరు దగ్గరా ఆగలేరు. జట్టంతటినీ చెప్పుకోవలసి వస్తుంది.

వ్యాకరణం చెప్పేవాడిని గనుక ఒక ఉపమానం చెప్పే స్వాతంత్ర్యం తీసుకుంటాను. తత్పురుష సమాసంలో ఒక పదానికే ప్రాధాన్యం. రెండవది దానికి సేవ చేస్తుంది. ద్వంద్వ సమాసంలో ప్రతి పదమూ ప్రధానమే. ఒక్క మహా క్రీడాకారుని చుట్టూ అల్లిన జట్టు తత్పురుష వంటిది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ప్రధాన పదం లోపించిన రోజున అర్థం కూడా లోపిస్తుంది.

ఈ సత్యాన్ని నేను స్వయంగా చూసినది 1999-2000 సీజన్లో. అప్పుడు నేను ఏడవ తరగతి చదువుతున్నాను. ఆ ఏడాది వి.వి.ఎస్. లక్ష్మణ్ తొమ్మిది పోటీలలో 1415 పరుగులు చేశాడు, ఎనిమిది సెంచరీలు. రంజీ చరిత్రలో అంతవరకు ఎవ్వరూ ఒక సీజన్లో అన్ని పరుగులు చేయలేదు. బెంగుళూరులో కర్ణాటకతో జరిగిన సెమీఫైనల్లో ఒక్కడే 353 పరుగులు చేశాడు. వార్తాపత్రికలో వచ్చిన స్కోరు పట్టికలను కత్తిరించి నోటుపుస్తకంలో అన్నంమెతుకులతో అంటించుకున్న రోజులవి. ఫైనల్లో ముంబయి చేతిలో మనం ఓడిపోయాము. ఆ రాత్రి నేను అన్నం తినకుండా కూర్చుంటే నాన్నగారు నోటుపుస్తకం తెరిచి, "బేటా, పరుగులు లెక్కపెట్టడం అందరికీ వచ్చు. నువ్వు వికెట్లు లెక్కపెట్టడం నేర్చుకో" అన్నారు. అప్పటినుండి స్కోరు పట్టికను నేను క్రిందినుండి పైకి, బౌలింగ్ లెక్కలతో మొదలుపెట్టి చదువుతున్నాను.

ఈ మాటలో ఉన్న గణితం కొంత వివరిస్తాను. నేటి రంజీ నియమాల ప్రకారం లీగ్ పోటీలో పూర్తి విజయానికి 6 పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతోగాని పది వికెట్ల తేడాతోగాని గెలిస్తే 7. పోటీ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం పొందిన జట్టుకు 3, రెండవ జట్టుకు 1. అంటే వేయి పరుగులు చేసినా ఎదుటివారి వికెట్లన్నీ పడగొట్టలేని జట్టు ఒక పోటీలో మూడు పాయింట్లకు మించి సంపాదించలేదు. పూర్తి విజయానికి సాధారణంగా ఇరవై వికెట్లు తీయవలసి ఉంటుంది. ఆ ఇరవై తీయడానికి కొత్త బంతితో ఇద్దరు, పాతబడిన బంతితో ఇద్దరు, ఎండవేళ ఇరవై ఓవర్లు ఓపికగా వేసేవాడు ఒకడు కావాలి. వికెట్ల వెనుక ఒక్క క్యాచ్ జారవిడవని కీపరు కావాలి. వీరిలో ఎవ్వరి ఫోటో గోడమీద అతికించుకోరు. ఆటను గెలిపించేది మాత్రం వీరే.

ఇక 21 పరుగుల కథ. అప్పుడు నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. విద్యార్థిని. హాస్టలు మెస్సులో వార్త తెలిసినప్పుడు, "ఇరవై ఒకటికి ఎన్ని వికెట్లు?" అని అడిగినవారే అందరూ. అన్నీ అంటే నమ్మినవాడు లేడు. దీపక్ చాహర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు తన మొదటి పోటీలోనే 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. మన బ్యాట్స్‌మన్లను మరునాడు పత్రికలన్నీ ఎగతాళి చేశాయి. నేను మాత్రం ఆ పదకొండు మందిని నిందించను. కొత్త బంతి గాలిలో తిరిగే ఒకానొక పూట ఎంతటివాడైనా ఔటు కావచ్చు. ఒక పూట ఆటనుబట్టి మనిషికి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

నన్ను ఆలోచింపజేసిన విషయం మరొకటి. అప్పటికి హైదరాబాదు, రాజస్థాన్ రెండూ క్రింది తరగతి అయిన ప్లేట్ విభాగంలోనే ఉన్నాయి. ఆ రాజస్థాన్ జట్టే క్రింది విభాగం నుండి పైకి ఎగబాకి ఆ సంవత్సరం రంజీ ట్రోఫీని మొట్టమొదటిసారి గెలిచింది. మరుసటి సంవత్సరం మళ్ళీ గెలిచింది. వారేమీ మహానక్షత్రాలను తేలేదు. హృషికేశ్ కనిత్కర్, ఆకాశ్ చోప్రా వంటి, టెస్టు ఆట ముగిసిపోయిన అనుభవజ్ఞులను తెచ్చుకున్నారు. ఒక వైపు వికెట్ పడకుండా నిలబడడం ఆ పెద్దలకు తెలుసు. వారి ప్రక్కన చాహర్ వంటి కుర్రవాళ్ళను నిలబెట్టారు. మనకు 944 చేసిన చరిత్ర ఉన్నది. వారికి ఆ సంవత్సరానికి అవసరమైన జట్టు ఉన్నది. పూర్వుల కీర్తిని పట్టికలో పన్నెండవ ఆటగాడుగా వ్రాసుకోవచ్చునేమోగాని, అది బ్యాటు పట్టదు.

ఆరేళ్ళ తరువాత, 2016-17లో, ఒక ఆశ మెరిసింది. ఆటోడ్రైవరు కుమారుడు, గల్లీలలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన మహమ్మద్ సిరాజ్ ఆ సీజన్లో 41 వికెట్లు తీశాడు. వెంటనే జట్టు స్వరూపం మారిపోయింది. హైదరాబాదు క్వార్టర్ ఫైనల్ చేరి, ముంబయి చేతిలో 30 పరుగుల తేడాతో మాత్రమే ఓడింది. వికెట్లు లెక్కపెట్టమన్న నాన్నగారి మాటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. తరువాతి కథ మీకు తెలిసినదే. సిరాజ్ దేశానికి ఆడసాగాడు. 2020లో తండ్రి మరణించినప్పుడు ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. ఆ పర్యటన చివర 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. 2025 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో 6 పరుగుల తేడాతో భారత్ గెలిచిన టెస్టులో చివరి వికెట్ తీసినవాడూ అతడే. మనకందరికీ గర్వకారణం. కాని హైదరాబాదు జట్టుకు అతడు చుట్టపుచూపుగా వచ్చే మనిషయ్యాడు. బిడ్డకు మంచి సంబంధం దొరికి అత్తవారింటికి పంపిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ జట్టు అలా అయింది. సంతోషమూ నిజమే, వెలితీ నిజమే. ఆ వెలితిని నింపడానికి రెండవవాణ్ణి, మూడవవాణ్ణి సిద్ధం చేసి ఉంచడమే ఇంటి పెద్దల బాధ్యత.

ఆ బాధ్యత నెరవేరలేదని చెప్పక తప్పదు. క్రికెట్ సంఘంలోని వివాదాలు న్యాయస్థానాల దాకా వెళ్ళి, 2023లో దాని వ్యవహారాలు చూడడానికి సుప్రీంకోర్టు ఒక విశ్రాంత న్యాయమూర్తిని నియమించవలసి వచ్చింది. 2022-23 సీజన్లో జట్టు తన విభాగంలో అట్టడుగున నిలిచి మళ్ళీ ప్లేట్ విభాగానికి దిగిపోయింది. బల్లల దగ్గర కూర్చున్నవారు తగువులాడుకుంటుంటే, పిల్లలు ఎండలో నిలబడి ఓడిపోతుంటారు. ఇది ఒక్క క్రికెట్టుకే వర్తించే మాట కాదు.

మరుసటి సీజన్, 2024 జనవరిలో, తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్‌పై 147 బంతులలో మూడు వందల పరుగులు పూర్తి చేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్టులో అంత వేగంగా త్రిశతకం చేసినవాడు అంతవరకు లేడు. 26 సిక్సర్లతో అతడు చేసిన మొత్తం 366. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. 1994లో 944 పరుగులు చేసినప్పుడు ఎం.వి. శ్రీధర్ సొంతంగా చేసిన పరుగులు కూడా 366. వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ నాటవుట్‌గా 207 చేసినది ఆ పోటీలోనే.

సంఖ్యలు సమానమైనంత మాత్రాన ఆటలు సమానమా? నా స్నేహితులు తన్మయ్ ఆటను కొట్టిపారేస్తూ, "అరుణాచల్ బౌలర్లపై ఎవరైనా కొడతారు" అన్నారు. నేను అంగీకరించలేదు. నిజమే, ఎదుటి జట్టు బలాన్నిబట్టి పరుగు విలువ మారుతుంది. బెంగుళూరులో కర్ణాటకపై లక్ష్మణ్ చేసిన 353కు ఎక్కువ మార్కులు వేయవలసిందే. కాని జట్టు పడిపోయిన విభాగం నుండి పైకి రావాలంటే ఎదురైన ప్రతి పోటీని గెలవాలి, త్వరగా గెలవాలి. వేగంగా చేసిన పరుగులు బౌలర్లకు కాలాన్ని మిగులుస్తాయి. ఆ కాలాన్ని ఎడమచేతి స్పిన్నర్ తనయ్ త్యాగరాజన్ సద్వినియోగం చేసుకొని ఆ సీజన్లో యాభైకి పైగా వికెట్లు తీశాడు. 2024 ఫిబ్రవరిలో ఉప్పల్‌లో జరిగిన ప్లేట్ ఫైనల్లో మేఘాలయను ఐదు వికెట్లతో ఓడించి హైదరాబాదు తిరిగి పై విభాగం చేరింది. తన్మయ్ పేరు దేశమంతా మారుమ్రోగింది. త్యాగరాజన్ పేరు ఎందరికి తెలుసు? నన్నడిగితే ఆ సంవత్సరపు మెట్లు ఎక్కించినవారు ఇద్దరూ.

అభిమాని అన్నవాడు తన సొంత జట్టును కూర్చుకోకుండా ఉండలేడు. అన్ని కాలాల హైదరాబాదు వారిలోనుండి నేను ఎన్నుకునే పదకొండు మంది వీరు: జయసింహ (నాయకుడు), అబ్దుల్ అజీమ్, లక్ష్మణ్, అజహరుద్దీన్, ఐబారా, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి (వికెట్ కీపర్), గులాం అహ్మద్, వెంకటపతి రాజు, గోవిందరాజ్, సిరాజ్. పటౌడీని విడిచిపెట్టినందుకు, శ్రీధర్‌ను, అబ్బాస్ అలీ బేగ్‌ను విడిచిపెట్టినందుకు నాతో వాదానికి రాదలచినవారు విరామ సమయంలో స్టాఫ్ రూముకు రావచ్చు. నా సమాధానం సిద్ధంగా ఉన్నది. ఐబారాను తీసుకున్నది ఒక్క వికెట్ తేడాతో గెలిచిన ఫైనల్లో చివరిదాకా నిలిచినందుకు. ఆబిద్ అలీని తీసుకున్నది, కొత్త బంతి ఇవ్వండి, ఇన్నింగ్స్ ప్రారంభించమనండి, బ్యాట్స్‌మన్ ముందు దగ్గరగా నిలబడి క్యాచ్ పట్టమనండి, ఏ పనీ చిన్నదనకుండా చేసినందుకు. 1967లో అడిలైడ్‌లో తన మొదటి టెస్టులోనే ఆరు వికెట్లు తీసినవాడు, 1971లో ఓవల్ మైదానంలో భారత్‌కు విజయపు పరుగులు కొట్టినవాడు ఆయనే. 2025 మార్చిలో ఆయన కన్నుమూసిన వార్త చదివి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఇక గోవిందరాజ్ పర్యటనలకు వెళ్ళి కూడా ఒక్క టెస్టయినా ఆడలేదు. స్పిన్నర్ల రాజ్యంలో వేగంగా బంతి వేసేవాడికి చోటు దొరకలేదు. పుట్టిన కాలం అనుకూలించని ప్రతిభకు అభిమాని పట్టికలోనైనా చోటు ఉండాలి.

ఇంతవరకు చెప్పినది పెద్ద మైదానాల మాట. ఇప్పుడు మన మైదానం సంగతికి వస్తాను; ఇంత దూరం నడిపించి తెచ్చినది ఇందుకే.

అంతర్ కళాశాల పోటీలకు మన జట్టును ఎన్నుకునేటప్పుడు నోటీసు బోర్డుపై పెట్టే పట్టికను నేను కొన్నేళ్ళుగా చూస్తున్నాను. అందులో బ్యాట్స్‌మన్లు ఏడుగురుంటారు, ఎనిమిదిమంది ఉంటారు. బౌలర్లు ఇద్దరు, మిగిలినవారు "అవసరమైతే వేయగలవారు". కారణం ఊహించడం కష్టం కాదు. బ్యాటు కొనుక్కోగలిగిన ఇంటి పిల్లవాడు బ్యాట్స్‌మన్ అవుతాడు. బౌలింగ్‌కు కావలసినది భుజబలమూ, బంతీ మాత్రమే. అది ఏమీ లేని పిల్లవాడి విద్య. గత సంవత్సరం మన ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు, పేరు చెప్పను, నెట్స్‌లో అందరినీ భయపెట్టే వేగంతో బంతులు వేశాడు. ఉదయం ఐదున్నరకు అతడు పాలప్యాకెట్లు పంచుతాడు. అభ్యాసం ఆరు గంటలకు. వారంలో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు గనుక, నియమం ప్రకారం అతని పేరు పట్టికలోకి ఎక్కలేదు. మన జట్టు మొదటి పోటీలోనే ఓడింది. ఎదుటివారి వికెట్లు నాలుగే పడ్డాయి. ఆ విద్యార్థి ఆ తరువాత నెట్స్‌కు రావడం మానుకున్నాడు. నియమం పెట్టినవారు చెడ్డవారు కారు, నియమమూ చెడ్డది కాదు. కాని మనకు కావలసిన బౌలర్ మన గేటులోపలే ఉండగా మనం బౌలర్లు లేక ఓడిపోయామన్నది వాస్తవం. ఈ మాట కమిటీ పెద్దల ఎదుట చెప్పడానికి నాకు కొంత సంకోచం ఉన్నది. చెప్పకపోతే వచ్చే సంవత్సరం కూడా అదే పట్టిక వస్తుంది గనుక చెబుతున్నాను.

కమిటీ వారికి నా మనవి మూడు మాటలలో ముగుస్తుంది. అభ్యాసాన్ని సాయంకాలానికి మార్చండి. పని చేసుకొని చదువుకునే పిల్లలు రాగలుగుతారు. మైదానంలో ఒక మ్యాటింగ్ పిచ్ వేయించి, బూట్లూ బంతులూ కళాశాల తరఫున ఇవ్వండి. ఖర్చు వార్షికోత్సవపు షామియానాకు మించదు. జట్టును ప్రకటించేటప్పుడు ఒక్కొక్కరిని ఏ పనికి ఎన్నుకున్నారో పేరు ప్రక్కన ఒక్క వాక్యం వ్రాయండి. ఆ వాక్యం వ్రాయడానికి ఏమీ తోచని పేరు పట్టికలో ఉండనక్కరలేదు.

విద్యార్థినుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. రెండు ప్రపంచకప్పు ఫైనల్స్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన మిథాలీ రాజ్ సికింద్రాబాదులో ఆట నేర్చుకున్నది. 2025లో మలేషియాలో జరిగిన అండర్-19 ప్రపంచకప్పులో సెంచరీ చేసి, టోర్నమెంటులో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైన గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. మన కళాశాలలో అమ్మాయిలకు జట్టు లేదు. సాయంకాలం ఒక గంట మైదానాన్ని వారికి కేటాయిస్తే, ఆడేవారు ఉన్నారో లేరో నెల రోజులలో తెలిసిపోతుంది.

విద్యార్థులారా, మీలో ఎవరి పేరు పట్టికలో ఉన్నదో, ఎవరిది లేదో నాకు తెలియదు. పేరున్నవారు తమకు అప్పగించిన పని ఏదో నాయకుణ్ణి అడిగి తెలుసుకోండి. పేరు లేనివారు నెట్స్ మానకండి. అబ్దుల్ అజీమ్ త్రిశతకం చేసిన తరువాత కూడా టెస్టు పిలుపు రాలేదు. అయినా మన ఊరికి ట్రోఫీ తెచ్చిన పదకొండు మందిలో అతడున్నాడు. పాలు పంచి వచ్చే ఆ అబ్బాయి ఈ వ్యాసం చదివితే, వచ్చే సోమవారం సాయంత్రం ఐదు గంటలకు మైదానానికి రావలసిందని కోరుతున్నాను. కొత్త బంతి నేను తెస్తాను.